కృష్ణమ్మ బెజవాడ కొండకు బెజ్జం ఎప్పుడు వేసింది? బెరీలియం-10తో తేల్చగలమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో నది. కృష్ణమ్మ దారికి కొండ అడ్డొస్తే బెజ్జం వేసుకుని పోయిందని, ఆ బెజ్జంవాడే బెజవాడ అయిందని మీ నాయనమ్మగారు చెప్పేవారు. ఆ బెజ్జం పడి ఎన్నేళ్లయిందో రాతిలో ఉన్న బెరీలియం-10ని, అంటే బెరీలియంలో అరుదైన రేడియోధార్మిక రకాన్ని, లెక్కపెట్టి చెప్పొచ్చా? ఉండవల్లి గుహలు ఎప్పుడు తొలిచారో కూడా అలాగే తేలుతుందా? ఇదంతా మన దేశంలో ఎక్కడైనా చేస్తారా?

ముందు సమాధానం చెప్పేస్తాను. బెజ్జం పడిన తేదీ ఈ పద్ధతిలో రాదు. ఆ కొండలు ఎంత నెమ్మదిగా అరుగుతున్నాయో వస్తుంది, అదీ చోటు సరిగ్గా ఎంచుకుంటే. ఉండవల్లికి అసలు పనికిరాదు. మన దేశంలో చేస్తారు, ఢిల్లీలో.

నాది గుంటూరు. పదిహేడేళ్లుగా ఇదే పని. కొండలెక్కి రాళ్లు కొట్టి తేవడం, వాటిని వారాల తరబడి యాసిడ్‌లో ఉంచడం, ఆ అణువులను లెక్కపెట్టే యాక్సిలరేటర్ యంత్రం దగ్గర మన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకోవడం. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

రాతిలో బెరీలియం-10 ఎలా వస్తుందో ముందు చూద్దాం. ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడు వేగం అందుకున్న ప్రోటాన్లు మన వాతావరణాన్ని గుద్దుకుంటాయి. గాలిలోని అణువులు చిట్లి న్యూట్రాన్లు జల్లులా కిందికి దిగుతాయి. పైనుంచి ఇలాంటి కిరణాలు వస్తున్నాయని 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో ఎక్కి మరీ కనిపెట్టాడు. ఆ న్యూట్రాన్లలో కొన్ని నేల దాకా వస్తాయి. రాతిలోని పలుగు, అంటే క్వార్ట్జ్‌లో ఉన్న ఆక్సిజన్ కేంద్రకానికి తగిలితే అది ముక్కలవుతుంది, ఒక్కోసారి మిగిలే ముక్క బెరీలియం-10. సిలికాన్‌కు తగిలితే అల్యూమినియం-26 రావచ్చు. రెండూ రేడియోధార్మికమైనవే. మొదటిదాని అర్ధాయువు, అంటే ఉన్నవాటిలో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 13.9 లక్షల ఏళ్లు, రెండోదానిది దాదాపు 7 లక్షల ఏళ్లు. భూమి పుట్టినప్పటివేమైనా ఉంటే ఎప్పుడో హరించుకుపోయి ఉండేవి. కాబట్టి శుభ్రం చేసిన క్వార్ట్జ్‌లో ఇప్పుడు కనిపించే ప్రతి అణువూ ఆ రాయి ఆకాశం కింద బయటపడి ఉన్న కాలంలో పుట్టిందే అనుకోవచ్చు.

పుట్టే వేగం చాలా తక్కువ. ధ్రువాల వైపు సముద్రమట్టం దగ్గర ఒక గ్రాము క్వార్ట్జ్‌లో ఏడాదికి సుమారు 4 అణువులు. మన దగ్గర ఇంకా తక్కువ, 2 నుంచి 3 మధ్య. భూమి అయస్కాంత క్షేత్రం కాస్మిక్ కిరణాలను పక్కకు తోసేస్తుంది, ఆ కవచం దక్షిణ భారతం మీద ప్రపంచంలోకెల్లా గట్టిగా ఉండే చోట్లలో ఒకటి. విజయవాడ ఎండకు ఏ కవచమూ లేదు గానీ, కాస్మిక్ కిరణాలకు మాత్రం ఉంది.

ఈ లెక్కలకు పునాది వేసినవారిలో ముఖ్యుడు మన దేశస్థుడే. దేవేంద్ర లాల్, వారణాసిలో పుట్టారు, ముంబైలో టాటా పరిశోధన సంస్థలో పనిచేసి, తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీకి డైరెక్టర్‌గా ఉన్నారు. ఏ అక్షాంశంలో, ఎంత ఎత్తులో ఎన్ని అణువులు పుడతాయి, రాయి అరుగుతుంటే ఆ సంఖ్య ఎలా మారుతుంది అని 1991లో ఆయన రాసిన పేపరే ఇప్పటికీ మాకు మొదటి పాఠం.

ఇక అసలు విషయం. న్యూట్రాన్లు రాతిలోకి ఎక్కువ లోతు పోలేవు. 60 సెంటీమీటర్లు దిగేసరికి పైన ఉన్నదాంట్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది. రెండు మీటర్ల లోతుకు వందకు మూడో నాలుగో. అంతకంటే లోతుకు పోయేవి మ్యూవాన్లని వేరే కణాలు ఉన్నాయి, వాటి వల్ల పుట్టేది స్వల్పం, ఇక్కడ వదిలేద్దాం.

గుంటూరు వైపు వాళ్లకైతే ఇది కళ్లంలో మిర్చిలా చెప్తే తేలిగ్గా ఎక్కుతుంది. కాయలు మందంగా పోసి రోజుల తరబడి వదిలేస్తే పైవరుస రంగు వెలుస్తుంది, అడుగున ఉన్నవి ఎర్రగానే ఉంటాయి. పైకాయ ఎంత వెలిసిందో చూసి ఎన్నాళ్లు ఎండిందో అనుభవం ఉన్న రైతు చెప్పగలడు. కానీ మధ్యలో ఎవరో వచ్చి పైవరుస రోజూ కొంచెం కొంచెం ఎత్తుకుపోతుంటే? ఇప్పుడు పైన కనిపిస్తున్న కాయ ఎండకు వచ్చి రెండు రోజులే అయి ఉండొచ్చు. కళ్లం వేసి నెల అయిందని ఆ కాయ చెప్పలేదు. ఎత్తుకుపోయేవాడు ఎంత వేగంగా ఎత్తుకుపోతున్నాడో మాత్రం చెబుతుంది.

కొండలో ఆ ఎత్తుకుపోయేది అరుగుదల. పైనుంచి సుమారు 60 సెంటీమీటర్లు అరగడానికి ఎంత కాలం పడుతుందో, రాతికి అంతవరకే జ్ఞాపకం. అంకెల్లో చూడండి. దక్షిణాదిలో ఇలాంటి పాత కొండలు సాధారణంగా పది లక్షల ఏళ్లకు కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల వరకు అరుగుతాయి. 5 మీటర్లు అనుకుందాం. అంటే వెయ్యేళ్లకు 5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 60 సెంటీమీటర్లు పోవడానికి 1,20,000 ఏళ్లు. ఆ కొండ పుట్టి కోటి ఏళ్లయినా, పది కోట్ల ఏళ్లయినా, మన చేతికొచ్చే అంకె లక్షా చిల్లర ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది. కోత మొదలై వంద మీటర్లు దిగింది అనుకోండి, అదే వేగంతో దానికి 2 కోట్ల ఏళ్లు. నది కోత కొండ అరుగుదల కంటే వేగంగా ఉండొచ్చు, అయినా లక్ష ఏళ్ల జ్ఞాపకానికి అది అందేది కాదు. అసలేమీ అరగని రాయి దొరికినా, పుట్టినంత వేగంగానే పాతవి క్షీణిస్తాయి కాబట్టి, 50 లక్షల ఏళ్లు దాటాక సంఖ్య ఇక పెరగదు.

ఇక్కడ చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. రాయి వయసు వేరు, రాయి బయటపడిన వయసు వేరు. ఇంద్రకీలాద్రిలో ఉన్నవి తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్. మన వైపు ఈ రాళ్లు భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మారి ఇప్పటి రూపానికి వచ్చింది సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట. అది యురేనియం-సీసం లాంటి వేరే గడియారం చెప్పే కాలం. మా గడియారం ఆ రాయి పైకి తేలి గాలి తగిలిన తర్వాత మొదలవుతుంది.

సరే, బెజ్జం దగ్గర ఏదో ఒక రాయి కొట్టి చూడొచ్చు కదా అంటారు. నది కోసిన నున్నటి రాతి తలం, నది కిందికి దిగిపోయాక పైన మిగిలిపోయినది, దొరికితే చూడొచ్చు. మెట్లలాగా వేర్వేరు ఎత్తుల్లో అలాంటివి ఉంటే నది ఎంత వేగంగా దిగిందో అందంగా తేలుతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ వైపు లోయల్లో వెతికితే ఆశ ఉంది. బ్యారేజీ దగ్గర కష్టం, ఎందుకంటే అక్కడ నది అడుగు రాతి మీద లేదు, ఇసుక మీద ఉంది. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. నదులు అప్పుడు లోతుగా కోసుకున్నాయి, సముద్రం తిరిగి పైకి వచ్చాక ఆ లోతులన్నీ ఇసుక, ఒండ్రుతో పూడాయి. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట కూడా ఇసుకలోనే పునాది వేసుకుని నిలిచింది. కాబట్టి బెజ్జం అడుగు మనకు కనపడదు.

పక్కల గోడలు కనపడతాయి గానీ అవి ఎవరూ ముట్టనివి కావు. ఆనకట్టకు రాయి ఈ రెండు వైపుల కొండల్లోంచే తీశారు. తర్వాత మెట్లు, ఘాట్ రోడ్డు, వానాకాలంలో జారిపడే బండలు, వాటికి వేసిన వలలు. పైగా దుర్గమ్మ కొండ మీదికి సుత్తి, ఉలి పట్టుకుని వెళ్తే దేవాదాయ శాఖ వాళ్లకంటే ముందు భక్తులే పట్టుకుంటారు.

మనుషుల చెయ్యి పడిన రాయిని గుర్తుపట్టడం ఈ పనిలో సగం. నేను నేర్చుకున్న తీరు చెప్తాను. పనిలో చేరిన రెండో ఏడు, పల్నాడు వైపు ఒక గుట్ట మీద నాలుగు చోట్ల శాంపిళ్లు తీశాను. నాలుగోది ఎంత బాగుందంటే, గచ్చు చేసినట్టు చదునుగా, పగులు లేకుండా. ఫొటో తీసుకుని మురిసిపోయాను కూడా. ఎనిమిది నెలల తర్వాత రిజల్ట్ వస్తే మిగతా మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, ఇది మాత్రం వాటిలో సగం. కెమిస్ట్రీ తప్పని మళ్లీ చేశాను. అదే అంకె. ఏదో గొప్ప భూగర్భ రహస్యం దొరికిందని ఒక వారం నిద్ర లేదు.

మళ్లీ వెళ్లి చూస్తుంటే కింద రాయి కొడుతున్న వడ్డెర మేస్త్రి ఒకాయన పైకొచ్చాడు. నా ఫొటో చూసి నవ్వి, "మేడమ్‌గారూ, ఇది మా తాతలు పలక లేపిన చోటండీ" అన్నాడు. ఎలా తెలుసంటే సుత్తితో రెండు చోట్ల కొట్టి వినమన్నాడు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు, వేడికి పైపొర ఉబ్బి కింది రాతి నుంచి విడిపోతుంది. మంటను మెల్లగా జరుపుకుంటూ పోతే పలక మొత్తం లేస్తుంది. ఎక్కడ విడింది, ఎక్కడ విడలేదు అన్నది చప్పుడుతోనే పట్టుకుంటారు: విడినచోట డొల్లగా మోగుతుంది, అతుక్కున్నచోట ఖంగుమంటుంది. నా చదును తలం అంచున, గడ్డి కింద, బొగ్గు మరకలు, వరసగా ఉలి గుంటలు కనిపించాయి. మొదటిసారి నేను అక్కడే కూర్చుని మంచినీళ్లు తాగాను, చూడలేదు. 10 సెంటీమీటర్ల పలక పోతే లెక్క 15 శాతం తగ్గుతుంది, మోకాలెత్తు పోతే సగానికి పడుతుంది. అప్పటినుంచి ఏ కొండకెళ్లినా ముందు కాపరినో, రాయి కొట్టేవాళ్లనో పలకరించి గానీ సుత్తి తీయను.

అచ్చం ఇలాంటిదే తిరగేసి కూడా జరుగుతుంది. లదాఖ్‌లో హిమానీనదం తెచ్చి పడేసిన గుట్టల మీద బండలు తీసుకున్నాం. అంత ఎత్తులో అణువులు ఇక్కడికంటే పది రెట్లకు పైగా పుడతాయి, కాబట్టి కొలవడం సుఖం. ఒకే గుట్ట మీది ఐదు బండలకు ఐదు వయసులొచ్చాయి. తక్కువ వచ్చినవి మట్టిలో కూరుకుపోయి ఆలస్యంగా బయటపడినవి. ఒకటి మరీ ఎక్కువ వచ్చింది, అది హిమానీనదం ఎత్తుకురాకముందే ఏదో కొండ చరియ మీద చాలాకాలం ఆకాశం చూసినది. పాత బాకీ కొత్త ఖాతాలోకి ఎక్కినట్టు. అందుకే ఒక్క బండతో తేదీ చెప్పేవారిని నమ్మకండి.

ఉండవల్లి సంగతి కూడా ఇక్కడే అర్థమైపోతుంది. ఆ గుహలు దాదాపు 1,500 ఏళ్ల కిందటివని చెబుతారు. బయటి గోడ మీద పూర్తిగా ఆకాశం కనిపిస్తుందనుకున్నా అంతకాలంలో గ్రాముకు నాలుగు వేల అణువులు పుడతాయి. 20 గ్రాముల క్వార్ట్జ్ తీస్తే 80,000. రాయి కలపకుండా ఖాళీగా చేసిన బ్లాంక్ శాంపిల్‌లో వచ్చే అంకెకు ఇది చాలా దగ్గర. పైగా తొలిచిన గోడ అంతకుముందు కొండ పైపొరకు దగ్గర్లో ఉండి ఉంటే పాత అణువులు దాంట్లో ఎప్పటినుంచో ఉంటాయి. గుహ లోపల కప్పు అడ్డం. అన్నిటికీ మించి, అది రక్షిత కట్టడం, గీత పెట్టడానికి కూడా వీల్లేదు. శాసనాలు, శిల్పం తీరు చూసి చరిత్రకారులు చెప్పే కాలమే మన కొలత కంటే ఎన్నో రెట్లు నికరం.

ఇక్కడి రాళ్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే పుస్తకాల్లో ఇది ఉండదు. మాకు కావలసింది క్వార్ట్జ్. ఖోండలైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది గానీ దాంతోపాటు గార్నెట్, ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్, గ్రాఫైట్ కూడా ఉంటాయి. గార్నెట్‌ను అయస్కాంతం లాగేస్తుంది. ఫెల్డ్‌స్పార్ పల్చటి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో కరుగుతుంది. గ్రాఫైట్ రేకులు నీటిలో కడిగితే చాలావరకు పోతాయి. సిల్లిమనైట్‌తోనే చావు. అది యాసిడ్‌కు లొంగదు, నిండా అల్యూమినియం. కొంచెం మిగిలినా అల్యూమినియం-26 కొలత పాడవుతుంది. బరువైన ద్రవంలో వేసి తేల్చాలి, క్వార్ట్జ్ పైన, సిల్లిమనైట్ అడుగున. ఈ బాధ పడలేనివారు కొండ మీద పొడుచుకొచ్చిన తెల్లటి పలుగురాయి చారను వెతుక్కుంటారు, అదంతా క్వార్ట్జే. కానీ అది చుట్టూ ఉన్న రాయి కంటే గట్టిది, నెమ్మదిగా అరుగుతుంది, కాబట్టి కొండ మొత్తానికి ఆ వేగం అంటగడితే తప్పు.

కొండపల్లిలో గాబ్రో లాంటి నల్లటి రాళ్లున్న చోట క్వార్ట్జ్ దాదాపు ఉండదు. పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయికి కూడా బెరీలియం పనికిరాదు. అక్కడ కాల్షియం నుంచి పుట్టే క్లోరిన్-36 వాడాలి, అర్ధాయువు సుమారు 3 లక్షల ఏళ్లు. అది వేరే లోకం. రాతిలో మామూలు క్లోరిన్ ఎంత ఉందో, తడి ఎంత ఉందో కూడా చూడాలి.

ల్యాబ్ పని ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి: రాయి రెండు మూడు కిలోలు తెస్తాం. క్రషర్‌లో పొడి చేసి, జల్లెడ పట్టి, రవ్వంత సైజు గింజలు మాత్రం ఉంచుతాం. పల్చటి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో రోజుల తరబడి కుదిపి, కడిగి, మళ్లీ పోస్తాం. ఇది క్వార్ట్జ్ గింజ పైపొరను కూడా కొంచెం తినేస్తుంది, అదే మనకు కావాలి. వాన నీళ్లతో గాలిలోంచి దిగిన బెరీలియం-10 రాతిలో పుట్టినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది గింజలకు అంటుకుని ఉంటుంది. చివరికి పంచదారలా మెరిసే తెల్లటి క్వార్ట్జ్ 20 గ్రాములో, 30 గ్రాములో మిగులుతుంది. దాంట్లో కొలిచిన మోతాదులో మామూలు బెరీలియం, పావు మిల్లీగ్రాము, కలిపి మొత్తం కరిగిస్తాం. ఆ మామూలు బెరీలియం కూడా లోతైన గనిలో తీసిన ఖనిజం నుంచి చేసినదైతే మంచిది, ఎందుకంటే దానికి కాస్మిక్ కిరణాలు తగలవు. తర్వాత రెజిన్ కాలమ్‌ల మీదుగా ఇనుము, అల్యూమినియం, టైటానియం వేరుచేసి, చివర్లో కాలిస్తే మూస అడుగున తెల్లటి చుక్క మిగులుతుంది. ఆవగింజంత ఉంటుంది. స్టాటిక్‌కు ఎగిరిపోయే గుణం దానికి. మూడు వారాల పని ఒక్క తుమ్ముకు పోతుందేమోనని ఆ పూట ఫ్యాన్ కూడా వేసుకోం. బెరీలియం ఊపిరితిత్తులకు మంచిది కాదు, అదో భయం.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా సీసా మూత తీయకూడదు. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. కాలేజీ ల్యాబ్‌లో, యూట్యూబ్ చూసి ప్రయత్నించే పని కాదిది.

ఆ చుక్కను నియోబియం పొడితో కలిపి చిన్న కప్పులో దట్టించి యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడతారు. మామూలు బెరీలియం అణువులు లక్ష కోట్లు ఉంటే అందులో బెరీలియం-10వి ఒకటికి కూడా తక్కువ. అంత తక్కువను లెక్కపెట్టడానికే యాక్సిలరేటర్. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సదుపాయం ఉంది. అది యూనివర్సిటీల కోసమే పెట్టిన సంస్థ, పరిశోధకులు ప్రపోజల్ పంపి టైమ్ తీసుకోవచ్చు. మీరు బీటెక్‌లో ఉన్నారు కాబట్టి జియాలజీ ప్రొఫెసర్ ఎవరినైనా పట్టుకుని వారి ద్వారా వెళ్లాలి. వచ్చిన అంకెను వయసుగానో, అరుగుదల వేగంగానో మార్చడానికి క్రోనస్ అనే ఆన్‌లైన్ కాలిక్యులేటర్ ఉంది, ఉచితమే. ఎత్తు, అక్షాంశం, రాయి మందం, చుట్టూ కొండలు ఆకాశాన్ని ఎంత కప్పుతున్నాయి, ఇవన్నీ ఇవ్వాలి. ఆఖరిదాన్ని కొండ మీదే కంపాస్‌తో చుట్టూ తిరిగి కొలిచి రాసుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు. కాలిక్యులేటర్ ఇచ్చే తేదీ పక్కన ప్లస్ ఆర్ మైనస్ తప్పకుండా రాయండి. అది లేకుండా పేపర్లో వచ్చే "ఖచ్చితంగా ఇన్నేళ్లు" అనే వార్తలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీ ప్రశ్నకు దగ్గరగా, నిజంగా చేయదగ్గ పని ఇంకోటి ఉంది. కొండ కొట్టకుండా ఏటి ఇసుక తీసుకోవడం. ఒక వాగులో దోసెడు ఇసుక తీస్తే, ఆ వాగు పైన ఉన్న కొండలన్నిటి నుంచీ వచ్చిన వేల గింజలు అందులో ఉంటాయి. వాటిలోని సగటు బెరీలియం-10 ఆ పరివాహకం మొత్తం ఎంత వేగంగా అరుగుతోందో చెబుతుంది. అయితే కృష్ణ ఇసుక తీసి కృష్ణా పరివాహకం అంతా చెప్పేస్తానంటే కుదరదు. ఎగువన మహారాష్ట్రలో ఉన్నది బసాల్ట్, దాంట్లో క్వార్ట్జ్ లేదు, అంటే ఆ ప్రాంతం మన లెక్కలోకే రాదు. నల్లమల క్వార్ట్జైట్ మాత్రం నిండా క్వార్ట్జే, దాని వాటా ఎక్కువ పడుతుంది. శ్రీశైలం, సాగర్, పులిచింతల ఇసుకను ఆపేస్తున్నాయి. బ్యారేజీ పైన ఇప్పుడు కొత్తగా చేరే ఇసుకలో మున్నేరు, పాలేరు లాంటివి తెచ్చేది ఎక్కువ. ఎవరో లారీల్లో తోడి ఇంకోచోట పోసింది కూడా అందులో ఉండొచ్చు.

నేనైతే బుడమేరు ఎగువకు వెళ్తాను. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరే. మైలవరం వైపు కొండల్లో, వెలగలేరు రెగ్యులేటర్‌కు బాగా పైన, చెరువులేవీ అడ్డులేని చిన్న పాయ ఒకటి చూసుకోండి. రెండు మూడు పాయలైతే ఇంకా మంచిది. ఇంద్రకీలాద్రి జాతి రాళ్లే అక్కడా ఉంటాయి. ఆ కొండలు వెయ్యేళ్లకు ఎన్ని మిల్లీమీటర్లు అరుగుతున్నాయో తేలితే, బెజ్జం పక్కల గోడలు ఏ వేగంతో వెనక్కి తగ్గి ఉంటాయో కనీసం ఒక అంచనాకు రావచ్చు.

నిజంగా తేదీయే కావాలంటే ఒండ్రు కింద పూడిపోయిన రాళ్లను వెతకాలి. ఆకాశం కింద చాలాకాలం ఉన్న గులకరాయిలో అల్యూమినియం-26, బెరీలియం-10ల నిష్పత్తి దాదాపు 7కు 1. వరద దాన్ని తెచ్చి పది మీటర్ల ఒండ్రు కింద కప్పేస్తే కొత్తవి పుట్టడం ఆగిపోతుంది. అల్యూమినియం త్వరగా క్షీణిస్తుంది, బెరీలియం నెమ్మదిగా. నిష్పత్తి ఎంత పడిపోయిందో చూస్తే ఎప్పుడు పూడిందో తెలుస్తుంది. సుమారు 3 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ల దాకా పనిచేస్తుంది. చెన్నైకి దగ్గర్లో అత్తిరంపాక్కం దగ్గర దొరికిన రాతి గొడ్డళ్లకు 10 లక్షల ఏళ్లు దాటాయని 2011లో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం చెప్పింది ఇలాంటి కొలతతోనే, దానికి పురాతన అయస్కాంత దిశల లెక్క తోడు పెట్టి. చైనాలో పెకింగ్ మానవుడి గుహకు 2009లో 7.7 లక్షల ఏళ్లు అని వచ్చిందీ ఇదే దారిలో. కృష్ణ ఒడ్డున, ఇప్పటి నదికి బాగా ఎత్తులో, మందపాటి పాత గులకరాళ్ల పొర ఏ క్వారీ గోడలోనైనా మీకు కనిపిస్తే, నది ఒకప్పుడు ఆ ఎత్తులో పారిందనడానికి అది సాక్ష్యం. దాని అడుగు నుంచి తీసిన రాయి నది ఆ ఎత్తులో ఎప్పుడుందో చెప్పగలదు. డెల్టా ఒండ్రు మాత్రం ఈ పద్ధతికి మరీ కుర్రది, దానికి కార్బన్-14, ఇసుక గింజలు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో చెప్పే లూమినెసెన్స్ పద్ధతి ఉన్నాయి.

మీ ఊళ్లోనే ఒక మంచి నమూనా ఉంది, చిట్టినగర్ సొరంగం. లోపల నడిచేటప్పుడు తల మీద మీటర్ల మందం కొండ ఉంటుంది. ఆ గోడ రాతిలో బెరీలియం-10 దాదాపు ఉండదు. కొండ పైనున్న రాయి, సొరంగంలో రాయి, రెండూ ఒకటే, 160 కోట్ల ఏళ్ల నాటివే. ఒకటి ఆకాశం చూసింది, ఇంకోటి చూడలేదు. మా జూనియర్లకు ఈ పద్ధతి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను సొరంగంతోనే మొదలుపెడతాను.

బుడమేరు పాయలకు వెళ్తే ఎండాకాలం వెళ్లండి, ఇసుక పొడిగా ఉంటుంది, జల్లెడ అక్కడే పట్టుకోవచ్చు. చోటుకు రెండు కిలోలు చాలు. అటవీ భూమి అయితే ముందే అనుమతి కాగితం తీసుకోండి. సంచి మీద పేరు పర్మనెంట్ మార్కర్‌తో రాసి, అదే పేరు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి లోపల కూడా వేయండి. ఒకసారి వానలో తడిసి పైన రాసిన పేర్లు చెరిగిపోయి, రెండు సంచుల్లో ఏది ఏ వాగుదో తెలియక రెంటినీ మా పెరట్లో మల్లెచెట్టు కింద పోశాను.